మంచు మీద మార్తా బెంచీ

అధికారాల విభజనను మానవజాతి ఎన్నో దేశాల్లో, ఎన్నో శతాబ్దాల పాటు ప్రయత్నించి చూసింది. అది పూర్తిగా ఫలించింది మాత్రం కెనడాలో, సస్కాచివాన్ మైదానంలోని మా టోర్వెల్ గ్రామంలోనే అని నేను బాధ్యతతో చెప్పగలను. మాకు గ్రామ కౌన్సిల్ ఉంది. ఊరికి ఆనుకుని కెటిల్ సరస్సు, దాని ఒడ్డున పార్కు, ఆ పార్కుకు వేరుగా ఒక బోర్డు ఉన్నాయి. శీతాకాలంలో స్కేటింగ్ చేసే రింకుకు ఇంకో కమిటీ ఉంది. ఈ మూడూ ఒకదాని పనిలో ఒకటి తలదూర్చవు. మూడింటిలోనూ సభ్యులు ఐదుగురేసి. ఆ ఐదుగురూ మేమే.

(ఊళ్లో ఇంకా మనుషులున్నారు. వాళ్లు మాకంటే తెలివైనవాళ్లు. ఎన్నిక జరిగిన రోజున ఇళ్లలోంచి బయటికి రాలేదు.)

కౌన్సిల్ మంగళవారం కూర్చుంటుంది, బోర్డు బుధవారం, కమిటీ గురువారం. హాలు ఒకటే, బల్ల ఒకటే, కాఫీ మరగబెట్టే పాత్ర కూడా ఒకటే. నిష్పాక్షికత కోసం కుర్చీలు మాత్రం మారతాం. మంగళవారం పొయ్యి పక్క కుర్చీలో వెర్నా కూర్చుంటుంది, ఆవిడ ఊరికి మేయరు. బుధవారం అదే కుర్చీలో ఓరెస్ట్ కూర్చుంటాడు, అతను పార్కు చైర్మన్. అప్పుడు వెర్నా కిటికీ పక్కకి, అంటే చలిగాలిలోకి, మారుతుంది. ఒకసారి పార్కు రోడ్డు చదును చేయించాలని మంగళవారం కౌన్సిల్లో ఆవిడే తీర్మానం పెట్టి గెలిపించింది. బుధవారం కిటికీ పక్కన కూర్చుని అదే తీర్మానం చదివి మండిపడింది.

"మన రోడ్డు సంగతి వాళ్లకెందుకు? ఈ కౌన్సిల్‌కి కళ్లు నెత్తికెక్కాయి" అంది.

ఆ ఘర్షణ చాలాకాలం సాగింది. రోడ్డు ఇప్పటికీ అలాగే ఉంది.

మూడింటికీ కార్యదర్శిని నేను. జీవితమంతా బడిలో పాఠాలు చెప్పినవాడికి రాయడం వచ్చి ఉంటుందని ఊరి నమ్మకం. కనుక కౌన్సిల్ కార్యదర్శి పార్కు కార్యదర్శికి ఉత్తరం రాయాలంటే నాకు నేనే రాసుకుంటాను. దాన్ని నా చేతికి నేనే ఇచ్చుకోవడం పద్ధతి కాదు కాబట్టి పోస్టులో వేస్తాను. పోస్టాఫీసు నడిపే థోరా కూడా మా ఐదుగురిలో ఒకతి.

"మాస్టారూ, నీ పెట్టె ఇక్కడే ఉంది. చెయ్యి చాపి ఇందులో పడేయనా?"

"వద్దు థోరా. పద్ధతిగా వెళ్లనీ."

"సరే, రెజైనా చూసి రానీ పాపం" అని సంచిలో వేస్తుంది. ఉత్తరం రెజైనా నగరానికి వెళ్లి, అక్కడ ముద్ర వేయించుకుని, వారం తర్వాత వచ్చి ఆమె వెనకున్న నా పెట్టెలో పడుతుంది. ఆ వారం రోజులూ రెండు సంస్థల మధ్య ఎంతో గౌరవం నెలకొని ఉంటుంది.

నా భార్య మార్తా ఈ మూడింటిలో దేనిలోనూ లేదు. సమావేశానికి వెళ్లేందుకు నేను కోటు తొడుక్కుంటుంటే, బంగాళాదుంపల తొక్క తీస్తూ తల ఎత్తకుండానే అడిగేది: "ఇవాళ నువ్వెవరు?"

"పార్కు."

"అయితే కౌన్సిల్‌ని అడిగానని చెప్పు."

ఆమెకు ఒక చోటు ఉండేది. పడవలు దించే ర్యాంపు దాటాక విల్లో పొదల దగ్గర రెండు పాత పాల క్యాన్లు బోర్లించి, వాటి మీద ఒక చెక్క వేసుకుంది. వేసవి సాయంత్రాలు అక్కడ కూర్చుని గూడబాతులు నీళ్ల మీద వాలడం చూసేది. అంత లావు పక్షి అంత నెమ్మదిగా ఎలా దిగుతుందో తనకి ఎప్పటికీ అర్థం కాలేదనేది. నేను ఆ మాటకు జవాబుగా గాలి పీడనం గురించి చెప్పేవాణ్ణి. ఆమె వినేది కాదు.

కిందటి శరదృతువులో, కోతలు ముగిసిన వారంలో, మార్తా పోయింది. దానికి ఎవరి అనుమతీ అవసరం కాలేదు.

ఆసుపత్రిలో చివరి బుధవారం నేను సమావేశానికి వెళ్లలేదు. మంచం పక్కన నిలబడి ఉన్నాను, కోటు కూడా విప్పలేదు. ఆమె కళ్లు తెరిచి, "ఇవాళ నువ్వెవరు?" అంది.

"ఎవర్నీ కాదు" అన్నాను.

"అయితే కూర్చో" అంది.

అక్టోబరు చివర పార్కు మూసేటప్పుడు, మనిషి తోడులేని వస్తువులను ఒడ్డు నుంచి తొలగించాలన్న నియమం ప్రకారం ఆ చెక్కనూ క్యాన్లనూ తీసేశారు. (ఒక వేసవిలో నగరం నుంచి వచ్చిన కుటుంబం సోఫా వదిలి వెళ్లాక ఆ నియమం పెట్టాం. భాష నాది. చదివినవారెవరికీ సందేహం రాకుండా రాశాను.) తీసిన పనివాడి తప్పేమీ లేదు. సెప్టెంబరు దాకా ఆ చెక్కకు మనిషి తోడుండేది.

అక్కడ మార్తా పేరు మీద ఒక బెంచీ వేయాలని ఉంది, అనుమతించగలరు అని పార్కు కార్యదర్శి గారికి దరఖాస్తు రాశాను. వారానికి అది నాకు అందింది. 'మీ దరఖాస్తు చేరింది, సానుభూతితో పరిశీలిస్తాం' అని జవాబు రాసి పోస్టు చేశాను. ఇంకో వారానికి ఆ జవాబూ వచ్చింది. చదివాక కాస్త ఊరట కలిగిందని ఒప్పుకోవాలి. ఆ నెలలో నాకు వచ్చిన ఉత్తరాలన్నిటిలోకీ మర్యాదగా ఉన్నది అదే.

అంతకుముందే ఓరెస్ట్ బెంచీ చేసేశాడు. రైలు కట్ట పక్కనున్న గోధుమల గిడ్డంగిని కూల్చినప్పుడు లోపలి పలకలు కొన్ని తెచ్చి దాచుకున్నాడు. ఎన్నో పంటల గోధుమలు వాటి మీదుగా జారీ జారీ చెక్క గాజులా నున్నబడింది. చెయ్యి పెడితే ఆగదు. ఒక సోమవారం ఆ బెంచీని ట్రక్కులో వేసుకుని మా గుమ్మం ముందు ఆగాడు.

"ఓరెస్ట్, ఇంకా అనుమతి రాలేదు" అన్నాను.

"ఇవ్వాల్సింది నేనేగా?"

"బుధవారం."

"ఇవాళ సోమవారం. ఇవాళ నేను వడ్రంగిని. ఆ కొస పట్టు మాస్టారూ, నడుం పోతోంది."

బుధవారం వచ్చింది. బయట మైనస్ ముప్పై. మొదటి అంశం బెంచీ. మా నియమావళిలో ఒక మంచి నియమం ఉంది: చర్చించే అంశంలో స్వప్రయోజనం ఉన్న సభ్యుడు ఆ సంగతి ప్రకటించి గది విడిచి వెళ్లాలి. నేను భర్తను. ప్రకటించి, కోటు తొడుక్కుని, వరండాలోకి వెళ్లి నిలబడ్డాను.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఓరెస్ట్.

"చేసింది నేనే కదా. ఉండకూడదట" అన్నాడు.

తర్వాత వెర్నా వచ్చింది. మార్తా ఆవిడకు చిన్నాన్న కూతురు. వెంటనే థోరా కూడా వచ్చింది.

"నీకేం సంబంధం?" అంది వెర్నా.

"మార్తా ఆపిల్ పై కాల్చే పళ్లెం నా దగ్గరే ఉండిపోయింది. తిరిగివ్వలేదు. అది స్వప్రయోజనమే కదా?"

ఎవరూ కాదనలేకపోయారు. ఇక లోపల మిగిలింది గస్ ఒక్కడే. రింకులో నీళ్లు పోసి మంచు పేర్చేది అతనే, మాటలు తక్కువ మనిషి. కిటికీలోంచి చూస్తే చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుని, ఫొటోకి కూర్చున్నట్టు కూర్చుని ఉన్నాడు. మాకు కొంచెం ఆశ కలిగింది. ఇంతలో అతనూ లేచి బయటికి వచ్చాడు.

"నువ్వెందుకు వచ్చావయ్యా?" ఓరెస్ట్ విసుక్కున్నాడు. "నీకు ఆమె చుట్టమా పక్కమా?"

"కాదు" అన్నాడు గస్. చాలాసేపు చేతి తొడుగులు సర్దుకున్నాడు. "బడి అయిపోయిన ఏడు, హాల్లో డాన్సు రోజున, నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడిగాను."

ఓరెస్ట్ టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు.

"ఏమంది?" అన్నాను.

"ఏమంటుంది? భర్తనని వచ్చి ఇక్కడ నిలబడింది నువ్వు కదా మాస్టారూ."

"నేనూ నిలబడ్డాను, నువ్వూ నిలబడ్డావు" అన్నాను.

"అదీ నిజమే" అన్నాడు.

అలా ఐదుగురమూ స్వప్రయోజనంతో చలిలో నిలబడ్డాం. లోపల పొయ్యి మండుతోంది, కాఫీ మరుగుతోంది, దీపాలన్నీ వెలుగుతున్నాయి. ఖాళీ బల్ల ముందు మార్తా బెంచీ విషయం తనను తానే పరిశీలించుకుంటోంది. లోపలికి వెళ్తే అంశం మళ్లీ మొదలవుతుంది, మళ్లీ బయటికి రావాలి. కనుక వెళ్లలేదు.

"ఈ రూలు రాసిందెవరు?" అంది వెర్నా, పళ్లు కొట్టుకుంటూ.

"నేనే."

"బాగా రాశావు" అంది.

అప్పుడు గస్ సరస్సు వైపు చూస్తూ, "ఆ మంచు ఎవరిది?" అన్నాడు.

ఒడ్డు పార్కుది. రోడ్డు ఊరిది. సరస్సు అడుగు రాష్ట్రప్రభుత్వానిది, అందులో చేపలకు వేరే చట్టాలున్నాయి. కానీ నీటి మీద నాలుగైదు నెలలు పేరుకునే మంచు గురించి మా మూడు సంస్థల నియమావళిలో ఒక్క వాక్యం లేదు. కారణం వెతికితే దొరికింది. నియమాలన్నీ జులైలో రాశాం.

ఆ శనివారమే బెంచీని ట్రక్కులో వేసుకుని మంచు మీదికి నడిపాం. విల్లో పొదలకు ఎదురుగా, ఒడ్డుకు కాస్త ఎడంగా, సరస్సు వైపు తిప్పి పెట్టాం. శీతాకాలమంతా అది అక్కడే ఉంది. మంచుకు కన్నాలు వేసి చేపలు పట్టేవాళ్లు వచ్చి కూర్చుని కాఫీ తాగి వెళ్లేవారు. థోరా రెండుసార్లు ఆపిల్ పై తెచ్చింది, మార్తా పళ్లెంలోనే. నేను రోజూ వెళ్లేవాణ్ణి. గూడబాతులు దక్షిణానికి వెళ్లిపోయాయి కనుక చూడటానికి తెలుపు తప్ప ఏమీ లేదు. అయినా చూసేవాణ్ణి.

మార్చిలో బ్లెయిన్ వచ్చాడు. జిల్లా కార్యాలయంలో ప్రకృతి సంరక్షణ అధికారి, నా దగ్గర ఐదో తరగతి చదివాడు. టోపీ చేతిలోకి తీసుకుని బెంచీ పక్కన నిలబడ్డాడు.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. మంచు మెత్తబడేలోగా దాని మీదున్నవన్నీ తీసేయాలి. గుడిసెలు, కుర్చీలు, అన్నీ. నోటీసు ఇవ్వాలి."

"ఇయ్యి నాయనా."

చదివాను. తప్పుల్లేవు. చెప్పిన పాఠం వృథా పోలేదు.

"ఒక్కదానికే మినహాయింపు" అన్నాడు బ్లెయిన్, ఎటో చూస్తూ. "రింకు కమిటీ పెట్టే పోటీ వస్తువుకి. మీరు ఏటా పాత ట్రక్కు పెడతారుగా? నూనె కారుతుందని ట్రక్కులు ఆపించేశాం. మరి ఇందులో నూనె ఏమీ లేదుగా?"

"లేదు."

"నేనేమీ చెప్పలేదండీ" అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

పోటీ అంటే ఇదీ. ప్రతి వసంతంలో రింకు కమిటీ ఒక పాత ట్రక్కును సరస్సు మంచు మీద వదులుతుంది. అది ఏ రోజు, ఏ గంటకు మునుగుతుందో ఊహించి జనం టిక్కెట్లు కొంటారు. దగ్గరగా చెప్పినవాడికి సగం, రింకు పైకప్పుకు సగం. పైకప్పు మా తండ్రుల కాలం నుంచీ బాగవుతూనే ఉంది.

గురువారం కమిటీ కూర్చుంది. "ఇవాళ ఎవరైనా స్వప్రయోజనం అన్నారంటే వెళ్లి వాళ్లే గడ్డకట్టండి, నేను మాత్రం కదలను" అని వెర్నా ముందే చెప్పింది. ఎవరూ అనలేదు.

ఓరెస్ట్ మాత్రం నా వైపు వంగి గొంతు తగ్గించాడు. "మునిగిపోతుంది మాస్టారూ. తెచ్చి నా షెడ్డులో పెడతాను. పార్కు అనుమతి వచ్చేదాకా."

"ఎప్పటికి వస్తుంది?"

"నన్నడిగితే ఎలా? నేను చైర్మన్‌ని."

ఆలోచించాను. షెడ్డులో ఉంటే అది సామాను. మంచు మీద ఇంకో నెల రోజులైనా అది బెంచీ. పోటీలో పెట్టమన్నాను. ఓరెస్ట్ ఆ పలకలను ఎన్నేళ్లు దాచాడో నాకు తెలుసు. అతను చెయ్యెత్తాడు.

టిక్కెట్ల మీద మాటలు రాయాల్సింది కార్యదర్శి. 'మార్తా బెంచీ ఎప్పుడు మునుగుతుంది?' అని రాశాను. కింద తేదీకి, గంటకు ఖాళీలు వదిలాను. థోరా ఆ ప్రకటనను పోస్టాఫీసు కిటికీకి అంటించింది. కొన్నవాళ్లు నా ముఖం చూడకుండా కొన్నారు. మా సరస్సు మంచు ఏప్రిల్ నెలాఖరుకు పోతుందని ఇక్కడ పాకే పిల్లలకు కూడా తెలుసు. అయినా ఊరు ఊరంతా మే చివరి వారం రాసింది. జూన్ రాసినవాళ్లూ ఉన్నారు. వెర్నా కెనడా దినోత్సవం అని రాసింది, అది జులైలో వస్తుంది. మర్యాద వల్ల ఒక జూదం ఇలా చెడిపోవడం నేనెక్కడా వినలేదు.

ఏప్రిల్ ఆఖరి ఆదివారం మధ్యాహ్నం గాలి లేచింది. సరస్సు మూలిగింది. ఊరంతా మడత కుర్చీలు, ఫ్లాస్కులు పట్టుకుని పార్కు ఒడ్డుకు చేరింది. (పార్కు మేలో గాని తెరవదు. కనుక నియమాల ప్రకారం ఆ రోజు అక్కడ ఎవరూ లేరు.) మంచు నల్లబడి, చీలికలు పడి, పలకలు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. బెంచీ ఒక పక్కకి ఒరిగింది. నా పక్కనున్న గస్ టోపీ తీశాడు. బెంచీ కింద మంచు పలక విరిగింది. రెండు కాళ్లు నీళ్లలోకి దిగాయి, తర్వాత మిగతా రెండూ. తర్వాత ఏమీ కనిపించలేదు.

తర్వాత కనిపించింది. పైకి వచ్చి, రెండుసార్లు ఊగి, నీళ్ల మీద నిలిచింది.

గస్ టోపీ మళ్లీ పెట్టుకున్నాడు.

"ఓరెస్ట్" అంది వెర్నా. "అది తేలుతోంది."

"చూస్తున్నా."

"చెక్క తేలుతుందని నీకు తెలీదా?"

"తెలుసు."

"తెలిస్తే మరి?"

"ఎప్పుడూ ట్రక్కేగా పెట్టాం!" అన్నాడు ఓరెస్ట్, ఎర్రబడి. "నీకు తెలీదా? మాస్టారికి తెలీదా? ఊళ్లో ఒక్కడికి తట్టిందా?"

తట్టలేదు. మేము మైదానం మనుషులం. నీళ్లంటే మాకు రాని వాన, పోని మంచు. మధ్యలో ఉండే సంగతులను మేము ఎన్నడూ గట్టిగా పట్టించుకోలేదు. మునగడం తప్ప మరొకటి జరగవచ్చని పోటీ నిబంధనల్లో లేదు. అవీ నేను రాసినవే. విజేత ఎవరన్నది రింకు కమిటీ ఇంకా చర్చిస్తోంది.

చీకటి పడేలోగా గాలి బెంచీని తోసుకొచ్చి ఒడ్డున పడేసింది. వెనక నుంచి మంచు పలకలు నెట్టడంతో కాళ్లు నాలుగూ బురదలోకి దిగబడి, సిమెంటు పోసినట్టు నిలబడింది. విల్లో పొదల దగ్గర కాదు. ర్యాంపుకు ఇవతల, పార్కు మరుగుదొడ్లకు ఎదురుగా.

బుధవారం బోర్డు కూర్చుంది. ఓరెస్ట్ నియమావళి తెరిచి, కళ్లద్దాలు తుడుచుకుని, గొంతు సవరించుకుని చదివాడు: నీరు ఒడ్డుకు చేర్చిన కలప ఒడ్డుకే చెందుతుంది, దాన్ని ఎవరూ తొలగించరాదు, కదపరాదు, ఉన్న తీరు మార్చరాదు. (నగరం వాళ్లు కొట్టుకొచ్చిన మొద్దులను తోటల్లో అలంకారానికి పట్టుకుపోతున్నారని పెట్టాం.)

"అంటే మనం అనుమతి ఇవ్వనక్కర్లేదా?" అంది థోరా.

"ఇవ్వకూడదు కూడా" అన్నాడు ఓరెస్ట్. నియమావళి మూశాడు. "తర్వాతి అంశం."

అలా మార్తా బెంచీ చట్టబద్ధంగా పార్కులో ఉంది. టోర్వెల్ పరిపాలనా చరిత్రలో ఒక దరఖాస్తు ఒక ఏడాదిలోపు ఫలించడం ఇదే మొదలు. చిన్న ఇబ్బంది ఒకటి మిగిలింది. గాలి దాన్ని తెచ్చినప్పుడు వీపు సరస్సుకు పెట్టి దింపింది. కూర్చుంటే ఎదురుగా మరుగుదొడ్లు, వాటి వెనక ఊళ్లోకి వెళ్లే ఆ చదును కాని రోడ్డు కనిపిస్తాయి. తిప్పడమంటే ఉన్న తీరు మార్చడమే. తిప్పేందుకు అనుమతి కోరుతూ పార్కు కార్యదర్శికి రాశాను. నాకు అందింది. పరిశీలనలో ఉంది.

గూడబాతులు తిరిగి వచ్చాయి. రోజూ సాయంత్రం వెళ్లి కూర్చుంటాను. అవి వాలడం నా వెనక జరుగుతుంది. ముందు రెక్కల గాలి, తర్వాత నీళ్లు చీలిన చప్పుడు, తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. మరుగుదొడ్లలోంచి బయటికి వచ్చేవాళ్లు ప్యాంటు సర్దుకుంటూ పలకరిస్తారు. "ఏం మాస్టారూ, వాన పడేట్టుందా?" అంటారు. విత్తనాలు వేయడం ఎంతవరకు వచ్చిందో చెప్తారు. గస్ అప్పుడప్పుడు వచ్చి రెండో కొసన కూర్చుంటాడు.

ఇవాళ నేనెవరినో మాత్రం ఎవరూ అడగరు. అడిగే మనిషి లేదు కనుక ప్రస్తుతానికి కార్యదర్శిగానే కూర్చుంటున్నాను.